రంగు అంటని గుడ్డ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంచి రోజూ చెడ్డ రోజూ రంగును బట్టే తెలిసేవి. మా బాపు, అంటే మా నాన్న, సిరిసిల్లలో నూలుకు రంగులద్దే కార్ఖానాలో పనిచేసేవాడు. ఊరంతా సాంచెల చప్పుడే. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ఆ సాంచెల మీదికి ఎక్కే నూలు ముందు మా బాపు చేతుల మీదుగా, ఉడుకుతున్న రంగునీళ్ల తొట్టిలో మునిగి లేవాలి. రంగు బాగా పట్టిన రోజు ఆయన వీధి చివరి నుంచే నన్ను కేకేసుకుంటూ వచ్చేవాడు. "రంగు పట్టలే" అని గడపలోనే అన్నాడంటే ఆ పూట ఎవరమూ గొంతెత్తేవాళ్లం కాదు.

ఆ ఇంట్లో నేనొక తడి పిల్లను. ఎనిమిదేళ్లు నిండినా నా బట్టలు ఎప్పుడూ తడిగానే ఉండేవి. నిద్రలో పక్క తడిపే పిల్లలు మా వాడలో ఇంకా ఉన్నారు. వాళ్లు పొద్దున లేచి బట్టలు మార్చుకుంటే రోజంతా పొడిగా తిరిగేవాళ్లు. నాది అలా కాదు. అందరిలాగే నాకూ వస్తున్నట్టు తెలిసేది, పోయి వచ్చేదాన్ని, వచ్చిన కాసేపటికే మళ్లీ చుక్క చుక్కగా తడి మొదలయ్యేది. ఆటలో, నిద్రలో, అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఎప్పుడైనా అంతే. ఈ తేడా చిన్నదేమీ కాదు. కానీ దాన్ని గమనించినవారు లేరు, నేను చెప్పబోతే విన్నవారు లేరు.

అభిప్రాయాలకు మాత్రం కొదువ లేదు. అమ్మను మేము అవ్వ అంటాం. నాది సోమరితనమని మా అవ్వ నమ్మకం. అందుకని మధ్యాహ్నం దాటితే మంచినీళ్ల కుండ దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, తప్పును ఇంకొంచెం వెనక్కి తీసుకుపోయింది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు వాకిట్లోకి వచ్చిందట, దాని ఫలితమే నేనట. మా వీధిలో సూదిమందు వేసే ఆయన చేయి కూడా పట్టి చూడకుండా "అలవాటు, పెద్దమనిషైతే పోతది" అన్నాడు. బడిలో పంతులు నన్ను వరండాలో, చెప్పులు విడిచేచోట కూర్చోబెట్టాడు. పిల్లలు నాకు కుళాయి పేరు, నల్లా అని పెట్టారు. నన్ను చూడగానే ఎవడో ఒకడు అరిచేవాడు: "నల్లా వచ్చిందిరో, బిందెలు వట్టుండ్రి!" ఇన్ని సిద్ధాంతాలు పుట్టాయి గానీ అందులో ఒక్కటైనా నన్ను ఒక ప్రశ్న అడిగిన తరువాత పుట్టింది కాదు.

ఆ ఏడు వర్షాకాలంలో సంగతి ముదిరింది. నయమయ్యేదాకా పిల్లను పంపవద్దని బడి నుంచి కబురు వచ్చింది. మా బాపమ్మ అప్పటికే గోదావరి అవతల, ఆదిలాబాద్ వైపు ఒక ఊళ్లో, కాల్చిన ఇనుపచువ్వతో బొడ్డు కింద వాతలు పెట్టే మనిషిని మాట్లాడి వచ్చింది. వచ్చే అమావాస్యకు నన్ను తీసుకుపోవాలి. ఆ మాట విన్నప్పటి నుంచి నేను పొయ్యి దగ్గరికి పోవడం మానేశాను. అత్త మాటకు ఎదురు చెప్పి ఎరుగని మా అవ్వ అప్పుడు మాత్రం ఒక్కటి అడిగింది. పక్కింటి అక్క కొడుక్కి పుట్టినప్పటి నుంచి మూత్రం సరిగా వచ్చేది కాదు. కరీంనగర్‌లో పిల్లల మూత్ర రోగాలు, కిడ్నీ రోగాలు మాత్రమే చూసే డాక్టరు ఆ పిల్లవాణ్ని బాగుచేశాడు. ఆయన హైదరాబాద్ నుంచి వచ్చిపోతుంటాడు.

"ఒక్కసారి ఆయనకు చూపెడదాం," అంది అవ్వ. "ఆయన గూడ అలవాటే అంటే, ఇగ మీ ఇష్టం. వాతలే వెట్టియ్యుండ్రి."

మా బాపు సరే అన్నాడు. అంటే నా బడి, నా ఒంటి మీది తోలు, రెండూ ఆ డాక్టరు చెప్పబోయే ఒక్క మాట మీద ఆధారపడ్డాయి.

ఆ దవాఖానా వరండాలో పిల్లలు చాలామంది ఉన్నారు. గోదావరిఖని నుంచి వచ్చిన ఒక పిల్లవాడు లోపలికి పోయి వచ్చి, అడగకుండానే మా అందరికీ సమాచారం ఇచ్చాడు: "సారు జరంత మండుతది అన్నడు. జరంతనే మండింది." ఒక డాక్టరు గురించి అంతకన్న పెద్ద యోగ్యతాపత్రం నేను ఇప్పటిదాకా వినలేదు. నొప్పి పుట్టేచోట నొప్పి లేదని చెప్పడం పెద్దలు పిల్లలతో ఆడే మొదటి అబద్ధం. ఆ తరువాత వాళ్లు చెప్పే నిజాలు కూడా చెల్లవు.

మా వంతు వచ్చింది. మా అవ్వ కూర్చోకముందే మొదలుపెట్టింది. ఎంత కొట్టినా బుద్ధి రాలేదని, సిగ్గు లేదని, అందరి ముందర తల ఎత్తుకోలేకపోతున్నామని చెప్పుకుపోయింది. డాక్టరు మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విన్నాడు. తరువాత తన కుర్చీ వదిలి, చిన్న స్టూలు నా ముందుకు లాక్కుని, నా ముఖానికి తన ముఖం సమానంగా వచ్చేట్టు కూర్చున్నాడు.

"అమ్మా, నీ మాట విన్న. ఇప్పుడు బిడ్డ మాట వింట. నీకు వస్తున్నట్టు తెలుస్తదా బిడ్డా?"

"తెలుస్తది."

"పోతవా?"

"పోత. ఇంటెనకకు పోయొస్త."

"పోయొచ్చినంక?"

"మల్ల కారుతది. బిగవడత సారు. ఆగదు."

"ఎన్నడన్న, ఒక్క పూటన్న, పొడిగ ఉన్నవా?"

"లేను."

"అబద్ధాలు సారు," అంది అవ్వ. "ఆటల వడితే దీనికి ఒళ్లు తెల్వది."

డాక్టరు అవ్వను కోప్పడలేదు. "అబద్ధమో నిజమో తెలుసుకునే ఉపాయం ఒకటున్నది" అన్నాడు. అప్పుడు ఆయన చేసిన పని, నేను తరువాత చదివిన తర్కశాస్త్రం అంతటికీ పునాది. పరీక్ష చేయకముందే, ఏది కనబడితే ఎవరి మాట ఓడినట్టో అందరి ముందు చెప్పాడు.

"ఈమె మూత్రసంచిల నీలి మందు నింపుత. కింద తెల్లగుడ్డ వెడత. గుడ్డ నీలంగ తడిస్తే ఆ తడి సంచిలకెళ్లి వచ్చినట్టు. అప్పుడు నేననుకుంటున్నది తప్పు. తెల్లగనే తడిస్తే, తడి వేరే దారిన వస్తున్నట్టు. అప్పుడు బిడ్డ చెప్పింది నిజం. ఎంత బిగవట్టినా అది ఆగేది గాదు."

రంగు మాట వచ్చేసరికి మా బాపుకు ప్రాణం లేచి వచ్చింది. "పక్కా రంగేనా సారు?"

"చేతికంటితే సబ్బుకు గూడ పోదు. కావాల్నంటే నా వేళ్లు చూడు."

బాపును బయటికి పంపి, తెర లాగి, సన్నని గొట్టం నాకు చూపించారు. ఎక్కడ పెడతారో, ఎట్లా ఉంటుందో డాక్టరే చెప్పాడు. "నువ్వు ఆగుమంటే ఆగుత" అన్నాడు. మధ్యలో నేను ఆగుమన్నాను. నిజంగా ఆగిపోయాడు. నేను ఊపిరి తీసుకుని సరే అన్న తరువాతనే మళ్లీ మొదలుపెట్టాడు. నా మాటకు ఒక పెద్దమనిషి చేయి ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

మందు నింపి, గొట్టం తీసి, తెల్లగుడ్డ మడతలు పెట్టి కట్టి, వరండాలో కాసేపు నడవమన్నారు. నడిచాను. మా అవ్వ బల్ల మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరినీ పిలుస్తోంది. కాసేపటికి తడి మొదలైంది. తడి నాకు తెలుస్తోంది, రంగు తెలియడం లేదు. తడి రంగు ఒంటికి తెలిసేట్టు నేనెందుకు పుట్టలేదో అని నాకు ఏడుపు వచ్చింది. బడీ, ఇనుపచువ్వా రెండూ ఆ మడతల్లోనే ఉన్నాయి. చూసే ధైర్యం లేక గోడ పట్టుకుని నడిచాను.

సిస్టరమ్మ నన్ను తెర వెనక్కి తీసుకుపోయి, గుడ్డ తీసి, బయటికి తెచ్చి బల్ల మీద పరిచింది. నిండా తడిసి ఉంది. నీలం చుక్క ఒక్కటి కూడా లేదు.

మా అవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, రంగు వట్టలే!"

నేనూ అంతే అనుకున్నాను. డాక్టరు ముందే అంత స్పష్టంగా చెప్పినా, మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. పని చెడిందని. అలవాటు పడిన మనసు కంటి ముందున్న సాక్ష్యాన్ని కూడా తలకిందులుగా చదువుతుందని చెప్పడానికి నాకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకలేదు. లోపలికి వచ్చిన మా బాపు కూడా గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, సందేహంగా అన్నాడు. "మందు పలుచనైందేమో సారు. నీళ్లు ఎక్కువైతే మా దగ్గర గూడ గిట్లనే అయితది."

"సారునే తప్పువడుతున్నవా?" అంది సిస్టరమ్మ.

"అడగనియ్యి," అన్నాడు డాక్టరు. "ఆయన అడగకున్నా నేను చూపెట్టాల్సిందే. మందు మంచిదో కాదో తేలకుంటే గుడ్డ తెల్లగుండి ఏం లాభం?"

నన్ను మళ్లీ తెర వెనక్కి పంపి, తెల్లటి పింగాణీ పళ్లెంలోకి పోయమన్నాడు. పోశాను. చిక్కటి నీలం. మా బాపు ఆ పళ్లెం వైపు, బల్ల మీది గుడ్డ వైపు మార్చి మార్చి చూశాడు. తరువాత డాక్టరును అడిగి, గుడ్డలో పొడిగా ఉన్న ఒక అంచు పట్టుకుని ఆ నీళ్లలో ముంచాడు. అంచు క్షణంలో నీలమైంది. ఆయన దాన్ని పిండలేదు, అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"పోరి చెప్పింది నిజమేనే," అన్నాడు అవ్వతో.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. నాకు ఒక వైపు కిడ్నీ నుంచి ఒక గొట్టం దిగాల్సిన చోట రెండు దిగాయి. ఒకటి మూత్రసంచిలోనే కలిసింది. రెండోది, చెరువులో పడాల్సిన కాలువ కట్ట అవతల పడ్డట్టు, సంచిని తప్పించుకుని కింద తెరుచుకుంది. సంచి నుంచి వచ్చేది నా చెప్పుచేతల్లోనే ఉంది. ఈ రెండోది ఎవరి చెప్పుచేతల్లోనూ లేదు. ఫోటోలు తీసి ఖాయం చేసుకుని ఆపరేషన్ చేస్తే పోతుందన్నాడు. మా అవ్వ ఆ బొమ్మ మీదికి వంగి అడిగింది.

"నేను కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికొచ్చిన సారు. అందుకేనా?"

"సూర్యునికి, చంద్రునికి నీ బిడ్డ కిడ్నీ ఏ వైపు ఉంటదో గూడ తెల్వదమ్మా. పుట్టుకల వచ్చింది. బిడ్డ తప్పు లేదు, నీ తప్పు లేదు."

మా అవ్వ ఎందుకంత ఏడ్చిందో ఆనాడు నాకు అర్థం కాలేదు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో నింద మోస్తున్నది నేనొక్కదాన్నే కాదని పెద్దయ్యాక తెలిసింది.

తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. నాకింకా ఏ వైద్యమూ జరగలేదు. పొద్దున ఎట్లా తడిసి ఉన్నానో సాయంత్రమూ అట్లాగే ఉన్నాను. సీటు దొరకగానే మా అవ్వ నన్ను ఒడిలోకి లాక్కుంది. పెట్టెలో దాచుకున్న నేత చీర కట్టుకుని వచ్చింది ఆ రోజు. నేను లేవబోయాను, నడుము చుట్టూ చేయి వేసి ఆపింది. కొంత దూరం పోయాక పక్కనున్న ముసలామె చూసి, "ఓ పిల్లా, నీ చీర తడుస్తున్నది సూడు" అని హెచ్చరించింది.

"తడవనియ్యి," అంది మా అవ్వ. "దాని తప్పు గాదది."

ఊరు వచ్చేదాకా నన్ను దించలేదు.

అమావాస్య వచ్చిపోయింది, మేము గోదావరి దాటలేదు. తరువాత హైదరాబాద్‌లో ఆ డాక్టరే ఆపరేషన్ చేశాడు. పొడి బట్టలతో లేచిన మొదటి ఉదయం నాకు నమ్మకం కుదరక మాటిమాటికీ తడిమి చూసుకున్నాను. మళ్లీ బడికి పోయాను, గదిలోపల కూర్చున్నాను. మా బాపమ్మ మాత్రం తన మొక్కు వల్లనే అంత మంచి డాక్టరు దొరికాడని చివరిదాకా చెప్పింది. గుడ్డను ఆమె చూడలేదు. చూసి ఉంటే ఏమనేదో కూడా నేను చెప్పలేను.

ఆ తరువాత నా జీవితం సభల్లో, వాదాల్లో గడిచింది. తాయెత్తుల మీద, వాతల మీద, గ్రహణం పేరిట ఆడవాళ్లను చీకటి గదిలో కూర్చోబెట్టడం మీద రాశాను, తిట్లు తిన్నాను. హేతువాదులకు హృదయం ఉండదని, అన్నిటికీ సాక్ష్యం అడగడం మోటుతనమని నాతో చాలామంది అన్నారు. కావచ్చు. కానీ మా వాళ్లకు నా మీద ప్రేమ లేక కాదు. ప్రేమతోనే నీళ్లు మాన్పించారు, ప్రేమతోనే చువ్వ కాల్చబోయారు. ఆ రోజు నాకు న్యాయం చేసింది ప్రేమ కాదు, సరిగ్గా అడిగిన ఒక ప్రశ్న. ప్రేమకు దారి చూపింది కూడా అదే.

అందుకే, ఏ ఇంట్లోనైనా ఒక పిల్ల ఏదో చెప్పి పెద్దలు "అబద్ధం" అని అడ్డుపడితే, నేను పెద్దల వైపు తిరిగి నిజమేనా అని అడగను. వీలైతే ఎత్తు తక్కువ పీట ఒకటి చూసుకుని ఆ పిల్ల ముందు కూర్చుంటాను. ఈ వయసులో మోకాళ్లు ఒప్పుకోవు, అయినా కూర్చుంటాను. "తరువాత ఏమైంది బిడ్డా?" అని అడుగుతాను.