గాజు గోడ, పెద్దమ్మ గది

ఆ గుర్రాలశాలకి పెద్దమ్మే దిక్కు. ఎనిమిది గుర్రాలకి మేత వేయడం, డెక్కలు శుభ్రం చేయడం, ఒళ్లు రుద్దడం ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పనే. తనకంటూ ఎవరూ లేరు. శాల పైన అటకలాంటి గదిలో ఉండేది.

యజమాని శాల ఉన్న పొలంలోనే కొత్త ఇల్లు కట్టించాలనుకున్నాడు. ఇల్లు గీసే ఆర్కిటెక్టు ముప్ఫై నిండని అమ్మాయి. అట్టతో చేసిన నమూనా తెచ్చి చూపించింది. చదును కప్పు, కాంక్రీటు గోడలు, గుర్రాలు తిరిగే బయలు వైపు నిలువెత్తు గాజు.

పెద్దమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ముచ్చటగా ఉంది తల్లీ. కానీ ఆ గాజులో మన దొరగారికి ఇంకో మగ గుర్రం కనబడుతుంది. ఊరుకుంటాడా?"

దొరగారంటే శాలలోకెల్లా పొగరుబోతు గుర్రం. యజమాని పకపకా నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. మర్నాడే పెద్ద గాజు పలక తెచ్చి కంచె బయట నిలబెట్టించింది. దొరగారు చెవులు వెనక్కి వాల్చి దూసుకొచ్చాడు. వెనక్కి తిరిగి తన్నిన తన్నుకి కంచె చెక్క రెండు ముక్కలైంది.

"ఇంకా నాకు తెలియనివి ఏమున్నాయి పెద్దమ్మా?" అంది అమ్మాయి.

రెండు వారాలు ఆవిడ వెంటే తిరిగింది. గుర్రాలు ఎటు నడుస్తాయో, ఏ వేళకి ఎక్కడ నీడ వెతుక్కుంటాయో రాసుకుంది. గుర్రాల ప్రతిబింబం పడకుండా గాజు ముందు లోతైన వరండా, దానికి నిలువుగా చెక్క బద్దలు గీసింది. ఆ రోజుల్లోనే పెద్దమ్మ మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కడం చూసింది.

"కింద ఉండొచ్చుగా?"

"పైనుంచైతే అన్నీ కనబడతాయమ్మా. ఏది నలతగా ఉందో ఇట్టే తెలిసిపోతుంది."

కొత్త నమూనాలో శాలకి ఆనుకుని చిన్న గది మొలిచింది. మంచం పక్కనే గుర్రాల వైపు వెడల్పాటి కిటికీ.

"ఇదేంటి, గడ్డి కొట్టా?"

"మీ గది. సారుని ఒప్పించాను."

పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, వేలితో ఆ అట్ట కిటికీని కొలిచింది. "ఇంకో జానెడు కిందకి దించు. పడుకున్నా కనబడాలి."

దించింది. ఏడాదిలో ఇల్లు లేచింది. దొరగారు ఆ వరండా పక్కనే తాపీగా గడ్డి మేస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి చూడ్డానికొచ్చింది. "కిటికీ ఎత్తు సరిపోయిందో లేదో నువ్వే చూసుకో" అని పెద్దమ్మ ఆమెని మంచం మీద పడుకోబెట్టింది. గుర్రాలు గడ్డి నములుతున్న చప్పుడు వింటూ ఆ పిల్ల అలాగే నిద్రపోయింది. పెద్దమ్మ దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, గుర్రాలకి నీళ్లు పెట్టడానికి వెళ్లింది.