మునెప్ప తాత రొయ్యల జ్వరం

మునెప్ప తాత పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లు పట్టుపురుగులు పెంచాడు. తన చేతిలో ఒక్క పంట కూడా పోలేదని చెప్పుకుంటాడు. రెండుసార్లు పోయిందని గంగులమ్మ అవ్వ అంటుంది. యాభై ఏళ్ల కాపురంలో ఈ ఒక్క సంగతి మీద ఇద్దరికీ రాజీ కుదరలేదు. మోకాళ్లు మొరాయించాక షెడ్డు వదిలేసి మదనపల్లెలో కొడుకు ఇంటికి వచ్చారు. పురుగులు పోయాయి గానీ ఉపన్యాసం పోలేదు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషి కూడా పట్టుపురుగు గురించి నాలుగు ముక్కలు వినకుండా ఆ గడప దాటింది లేదు.

అలాంటి మనిషి చేతికి మనవరాలు లక్ష్మీప్రియ తన గాజుతొట్టిని అప్పజెప్పి కుప్పంలో కాలేజీకి బయలుదేరింది. మూడడుగుల తొట్టి. నిండా నీటి మొక్కలు, ఒక చెట్టు వేరు, దాని మీద నాచు. అందులో ఎనిమిది చిన్న చేపలు, ఇరవై ఎర్ర రొయ్యలు, బొటనవేలంత కప్పలు రెండు. రొయ్యలంటే కూర వండుకునేవి కావు, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దవి. కప్పలు కూడా గట్టెక్కేవి కావు. నీళ్లలోనే ఉండి, గాలి కోసం మాత్రం పైకి వచ్చి పోతుంటాయి.

"రొయ్యలకు రెండ్రోజులకొకసారి గోరంత బిళ్ల చాలు తాతా. మిగతాది నాచు గీక్కోని తింటాయి. కప్పలకు కండ్లు సరిగా కనపడవు. మేత ముక్కు దగ్గర పెట్టాల, లేకుంటే చేపలు మింగేస్తాయి. నీళ్లు తగ్గితే కొళాయి నీళ్లు ఒక దినం నిలవ పెట్టి పొయ్యాల. మందు వాసన పోవాల కదా."

"లచ్చల పురుగుల్ని సాకినోన్ని పాపా. ఇరవై రొయ్యలకు నాకు పాఠమా?"

"నీ చేత కాకుంటే పుంగనూరులో గిరిబాబన్నకు ఇచ్చేస్తా. మల్లా అలగద్దు."

గిరిబాబుది చేపల అంగడి. తొట్టిలో ప్రాణులన్నీ ఆయన దగ్గర తెచ్చినవే. తాత నవ్వాడు గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. షెడ్డు వదిలాక ఈ నాలుగేళ్లలో ఆకలేసే ప్రాణిని ఎవరూ అతని చేతిలో పెట్టలేదు. పొద్దున్నే లేచి ఎవరికి మేత వేయాలో తెలియక, కాఫీ ఇంకా ఎందుకు కాలేదని అవ్వతో తగువు పెట్టుకొనేవాడు. ఇప్పుడు లేచీ లేవగానే తొట్టి ముందు కూర్చుంటున్నాడు. దీన్ని గిరిబాబుకు పోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాడు.

కప్పల విషయంలో అతనికి వంక పెట్టలేం. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎర్రపురుగుల బిళ్లను చల్లటి నీళ్లలో కరగబెట్టి, ఒక్కో పురుగునూ పొడుగాటి పట్టకారుతో కప్ప మూతి దగ్గర ఆడించేవాడు. కప్ప ముందు వాసన పట్టేది, తర్వాత ఆలోచించేది, ఆ తర్వాత పక్కనున్న ఆకును కరిచేది. మూడోసారికి పురుగు దొరికేది. రెండూ ఒకదాని మేత ఒకటి ఓర్చుకోవు కాబట్టి వాటికి అత్త, కోడలు అని పేరు పెట్టాడు. పురుగుల షెడ్డులో లాగే చేతికి సబ్బు వాసన ఉండకూడదు. దోమల చుట్ట వెలిగించకూడదు. తొట్టి ఉన్న గదిలోనే పడుకునే అవ్వ దోమలతో కుట్టించుకుంది, రొయ్యలు మాత్రం చల్లగా ఉన్నాయి.

నిలవ నీళ్ల పని అవ్వది. ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి ఒకటే: నీళ్లు నిలవ ఉంచితే రాగిలోనే ఉంచాలి. రాగి బిందెను చింతపండుతో తళతళ తోమి, కొళాయి నీళ్లు నింపి, మూత వేసి, మరుసటి రోజు దాకా కదిలించేది కాదు. తాత పరగడుపున తాగేదీ ఆ నీళ్లే. ఎండలకు తొట్టి రోజూ రెండు చెంబులు తాగేది.

రెండో వారంలో గాజు పక్కన రొయ్య ఆకారంలో తెల్లటి తొడుగు ఒకటి తేలింది.

"ఒకటి సచ్చినట్టుండాది సూడయ్యా," అంది అవ్వ.

తాత ముఖం వెలిగిపోయింది. "సావలేదు, జ్వరం లేసింది."

పట్టుపురుగు పాత చర్మం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండిపోతుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు, చర్మం విడిచి మళ్లీ కదిలితే జ్వరం లేసిందంటారు. ఆ సమయంలో మేత వేయరు, ముట్టుకోరు. రొయ్య కూడా పైపెంకు విడిచే పెరుగుతుంది. ఆ ఒక్క తొడుగు విషయంలో తాత చెప్పింది నిజమే. చిక్కేమిటంటే, ఆ రోజు నుంచి తొట్టిలో ఏది జరిగినా అతనికి జ్వరమే. రొయ్య ఆకు కింద పక్కకు ఒరిగితే జ్వరం. ఎప్పటిలా మేత దగ్గరకు రాకపోతే జ్వరం. పురుగులకు చేసినట్టే మూడు రోజులు మేత ఆపి, చేతులు కట్టుకొని కూర్చున్నాడు. నీళ్లు మాత్రం ఆపలేదు.

నాలుగో రోజు రెండు రొయ్యలు ఉడికినట్టు పాలిపోయి అడుగున పడి ఉన్నాయి. ముసలివేమో అనుకొని పట్టకారుతో తీసి బయట మందారం మొదట్లో వేశాడు. మరుసటి రోజు మూడు. సాయంత్రం కుప్పం నుంచి ఫోను వచ్చింది.

"రొయ్యలు ఎన్ని కనపడినాయి తాతా?"

"ఆకుల్లో దాక్కోనుండాయి పాపా. లెక్కకు అందవు."

మొక్కలున్న తొట్టితో అదొక సౌకర్యం. అబద్ధం ఆడినా ఆకులు కప్పేస్తాయి. కానీ ఫోను పెట్టేశాక తాతకు అన్నం సయించలేదు. మరునాడు పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చొని లెక్క పెట్టాడు. ఆకుల మాటున ఇంకో పది చచ్చి పడి ఉన్నాయి, బతికినవి ఐదే. లక్ష్మీప్రియ శనివారం వస్తానంది.

మోకాళ్లకు నూనె తెస్తానని అవ్వకు చెప్పి పుంగనూరు బస్సెక్కాడు. గిరిబాబు దగ్గర పదిహేను రొయ్యలు తెచ్చి తొట్టిలో వదిలేస్తే సరి. రొయ్యల ముఖాలు గుర్తుపట్టే మనిషి ఇంకా పుట్టలేదు.

"పదైదు యాలప్పా? ఉండేటివి ఏమైనాయి?" అన్నాడు గిరిబాబు.

"జ్వరం వచ్చి పోయినాయి."

"తొట్టిలో ఏమన్నా మందు పోసినావా?"

"మందా? దోమల చుట్ట కూడా ఎలిగించనీలే. మంచి నీళ్లే. మా ఇంటామె రాగి బిందెలో నిలవ పెడతాది."

గిరిబాబు వలను పక్కన పెట్టాడు. "రాగి రొయ్యకు విషం పెద్దాయనా. నిలవ పెడితే నీళ్లలోకి దిగతాది. చేపలకూ కప్పలకూ మంచిది గాదు, గానీ ముందు పోయేది రొయ్యలే."

"మేమూ తాగతాండామే ఆ నీళ్లు."

"నువ్వు రొయ్యవా?"

తాత ఆ వలను తీసి మళ్లీ గిరిబాబు చేతిలో పెట్టాడు. "సరే, పదైదు పట్టియ్యి," అన్నాడు.

"ఇయ్యను. ఆ నీళ్లలో ఏస్తే ఇవీ పోతాయి. ముందు పాపకు సెప్పుకో పో."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా తాత బయటకు చూడలేదు. ఏమీ తెలియని వాడైతే మొదటి రొయ్య పడిపోయినప్పుడే ఎవరినో ఒకరిని అడిగి ఉండేవాడు. తనకు తెలుసు కాబట్టి అడగలేదు. పల్లెలో పోయిన ఆ రెండు పంటలు కూడా గుర్తుకొచ్చాయి. అప్పుడు తప్పు ఆకు అమ్మినవాడి మీద వేశాడు. ఇప్పుడు వేయాలంటే గంగులమ్మ మీద వేయాలి. తమకున్న వాటిలో మేలైన నీళ్లు పోసిన మనిషి మీద.

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ మెల్లగా అన్నాడు. "ఈ పొద్దు నుంచి నీళ్లు స్టీలు బకెట్లో పెట్టు."

"యాల?"

"బిందె బరువు. నీకు చేతులు నొప్పి పుడతాయి."

యాభై ఏళ్లలో ఆమె చేతుల నొప్పి గురించి అతను మాట్లాడడం అదే మొదటిసారి. అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. ఇక దాచడం అయ్యే పని కాదు. గిరిబాబు అన్నదంతా చెప్పేశాడు.

"పదైదు పోయినాయా?"

"ఊ."

"నాకు సెప్పకుండా నూనెకని పోయినావా?"

"ఊ."

"నూనె యాడ?"

నూనె తేలేదు.

శనివారం లక్ష్మీప్రియ బ్యాగు దించకుండానే తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తాత గొంతు సవరించుకునే లోపు అవ్వ అందుకుంది. "నా బిందె నీళ్లే పాపా. ఆయన్ను ఏమీ అనద్దు."

"బిందె ఆమెది, కండ్లు నావి," అన్నాడు తాత. "నా ముందరే సచ్చిపోతాంటే జ్వరమనుకున్నా. దాక్కోనుండాయని నీకు అబద్ధం జెప్పినా. గిరిబాబు ఇచ్చింటే కొత్తవి ఏసి దాచిపెడదామనే పోయినా."

లక్ష్మీప్రియ వెనక్కి తిరగలేదు. గాజు మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్క పెడుతూ మధ్యలో కళ్లు తుడుచుకుంది. ఐదింటిలో ఒకదాని కడుపు కింద గుడ్లున్నాయి.

"ఇచ్చేస్తానని ముందే సెప్పినా కదా తాతా."

"ఇచ్చెయ్యి," అన్నాడు తాత. వల తానే తీసుకున్నాడు. ఏ రొయ్య ఏ ఆకు కింద ఉంటుందో అతనికి తెలుసు, మొక్క కదలకుండా నాలుగింటిని డబ్బాలోకి దించాడు. గుడ్ల తల్లిని మాత్రం వలతో తరమలేదు. వేరు కింద చిన్న గిన్నె పెట్టి, అదే నడిచి అందులోకి వచ్చేదాకా అరగంట వంగి నిలబడ్డాడు. లక్ష్మీప్రియ ఆ అరగంటా అతన్నే చూస్తూ ఉంది.

"రొయ్యలే పోతాయి," అంది చివరికి. "రేపు కుప్పం పోతా దావలో గిరిబాబన్న దగ్గర దించుతా. తొట్టి, కప్పలు, చేపలు ఈడే. రోజూ పావు వంతు నీళ్లు తీసి బకెట్ నీళ్లు పొయ్యి. నెల పోయినాక వచ్చి సూస్తా."

"సూసి, రొయ్యల్ని తెస్తావా?"

"సూసి సెప్తా."

అంతకు మించి మాట ఇవ్వలేదు, తాత అడగలేదు.

సోమవారం నీళ్లు మార్చడం అయ్యాక తాత పట్టకారు పట్టుకొని కూర్చున్నాడు. అవ్వ పీట లాక్కొని పక్కన చేరింది. ఇన్నాళ్లూ నీళ్లు అందించి వెళ్లిపోయిందే గానీ అంత దగ్గరగా చూసింది లేదు.

"వీళ్లలో కోడలు యాది?"

"అదో, ఆకు మింద కూసోనుండేది."

"ఇట్టియ్యి, నేను పెడతా."

మొదటి పురుగును చేప ఎగరేసుకుపోయింది. రెండోదాన్ని అవ్వ కప్ప మూతికి ఆనించింది. కప్ప ఆలోచించింది, ఆకును కరిచింది.

"నిదానంగా పెట్టు. దానికి కండ్లు సరిగా కనపడవు," అన్నాడు తాత.

"నీకు కనపడినాయా ఏంది," అని, అవ్వ మళ్లీ పట్టకారు నీళ్లలో ముంచింది.