తాడుకు అవతల ఒక కారు

కామాక్షయ్య మా అక్క వెంకటశేషమ్మ మొగుడు, నాకు బావ. బావను ఎగతాళి చేసే హక్కు బావమరిదికి ఎవరూ ఇవ్వనక్కర్లేదు కాబట్టి నేను ఇందులో దాచిపెట్టేదేమీ లేదు. ఆయన నెల్లూరులో ముత్యాలయ్యగారి బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసేవాడు. ఖాకీ కోటు, చంకలో తోలుసంచి, చెవిమీద పెన్సిలు. పెళ్ళయిన కొత్తల్లో మా అక్క పుట్టింటి నుంచి పెసరపప్పు మూటతో బస్సులో వస్తుంటే, వెంకటాచలం దగ్గర ఈయన ఎక్కి ఆ మూటకు లగేజీ టిక్కెట్టు కొట్టించాడు. పక్కన కూర్చున్న ముసలాయన మూటకు కొట్టించి, నా భార్య మూటను వదిలేస్తే ఏం బాగుంటుందన్నాడు బావ. ఆ పూట మా అక్క పొయ్యి వెలిగించలేదు. ఆయన హోటల్లో తిని వచ్చి, అక్కడ పప్పు బాగాలేదని మాత్రం చెప్పాడు.

ముత్యాలయ్యగారికి బస్సులు బతుకుదెరువు, కార్లు పిచ్చి. యాభై ఏడులోనో ఎనిమిదిలోనో ఒక మోటారు సంఘం పెట్టి, ఏటా మాఘమాసంలో నెల్లూరు నుంచి గూడూరు, కోట మీదుగా వాకాడు దాకా కార్ల ర్యాలీ జరిపించేవారు. మొదట్లో ఉన్న నిబంధన ఒకటే, బండి కదలాలి. దొరలు వదిలేసిపోయిన ఫోర్డులు, ఆస్టిన్లు దుమ్ము రేపుకుంటూ పోయేవి. బరువు తగ్గుతుందని ఒకాయన తలుపులు ఊడబీకి వచ్చాడు. మరుసటి ఏడు ఇంకొకాయన తలుపులతో పాటు మడ్‌గార్డులు, సీట్లు కూడా తీసేసి, తను కూర్చోవడానికి ఇంట్లోంచి పీట తెచ్చి వేసుకున్నాడు. ఆయనే గెలిచాడు. పీటను కూడా ఊరేగించారు.

అరవై దాటాక కొత్త కార్లు వచ్చాయి. ఫియట్లు, మద్రాసులో తయారైన హెరాల్డులు, కొత్తరకం అంబాసిడర్లు. కొత్త కారు కొన్నవాడు తలుపులు ఊడబీకడు, పీటమీద కూర్చున్నవాడి చేతిలో ఓడిపోవడానికీ ఒప్పుకోడు. అందుకని ఈ కొత్త తరం బండ్లకు తగిన సాంకేతిక నిబంధనలు రాయాలన్నారు. ముత్యాలయ్యగారు ఆ పని మా బావకు అప్పగించారు. బావకు కారు నడపడం రాదు. అదే ఎవరో అంటే ముత్యాలయ్యగారు, "అందుకే ఇచ్చినాను. నడిపేవోడికిస్తే తన బండికి సరిపోయేట్టు రాసుకుంటాడు" అన్నారు.

బావ రెండు నెలలు కూర్చుని రాశాడు. బండి కార్ఖానా నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి, ఏదీ తీయకూడదు, ఏదీ తగిలించకూడదు. బయలుదేరే ముందు రైసుమిల్లు కాటా మీద బండిని డ్రైవరుతో సహా తూచాలి. డ్రైవరును ఇడ్లీలకు ముందు తూచాలా, తర్వాత తూచాలా అన్న చర్చ ఒక సాయంత్రమంతా నడిచింది. ముందే అని బావ తేల్చాడు. ఇడ్లీలు కార్ఖానా నుంచి రాలేదు గదా అన్నాడు.

ఏదీ తగిలించకూడదన్న మాట మొదటి ఏడే తంటా తెచ్చింది. బంపర్లకు కట్టిన నిమ్మకాయలూ కార్ఖానా నుంచి రాలేదని వాటిని తెంపించబోయాడు. ఒక్కడూ బండి ఎక్కలేదు. గూడూరు నిమ్మతోటల పక్కనుంచి పోతూ బండికి నిమ్మకాయ లేకుండా పోతామా అని అందరూ గోడ నీడన కూర్చున్నారు. బావ కూడా వాళ్ళ పక్కనే కూర్చుని ఆలోచించి, అక్కడే కొత్త షరతు రాశాడు. బండికి ఒక నిమ్మకాయ కట్టుకోవచ్చు, అన్ని బండ్లకూ ఒకే బుట్టలోంచి. బుట్ట ఆయనే తెప్పించి, ఒకే సైజువి ఏరి పంచిపెట్టాడు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది తాడు షరతు. వాకాడు ట్రావెలర్స్ బంగళా ముందు సరుగుడు కర్రలు పాతి, చుట్టూ తాడు కట్టేవాడు. చేరిన ప్రతి కారూ ఆ తాడు లోపలికి పోవాలి. ఆఖరి కారు చేరి, అన్నిటినీ ఒకేసారి తనిఖీ చేసేదాకా ఎవరూ ఏ కారునూ తాకకూడదు. లేకపోతే దారిలో ఊడినవాటిని చాటుగా బిగించుకుంటారని ఆయన అనుమానం. అది నిజమే, మేమంతా అట్లాంటివాళ్ళమే. కళ్ళకు కనబడే లోపం ఉన్న బండిని మాత్రం ఎప్పుడైనా పందెం నుంచి తీసేయొచ్చు. తీసేసిన బండికి తాడు లోపల పనిలేదు.

అరవైమూడులో ఆ తాడు దగ్గరికి చిన్నపోలయ్య వచ్చాడు. సముద్రం ఒడ్డు పాళెంలో చేపలు పట్టుకునే మనిషి. భార్యకు పొద్దున్నుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, కోటలో డాక్టరు దగ్గరికి చేర్చడానికి ఒక కారు ఇప్పించమన్నాడు. బావ అతనికి షరతు చదివి వినిపించాడు. ఆఖరి కారు ఇంకా రాలేదు, రాగానే చూద్దామన్నాడు. పోలయ్య కాసేపు కార్లవైపు చూసి, ఎడ్లబండి కోసం పోయాడు. కోట దారిలో ఆ బండిలోనే మగపిల్లవాడు పుట్టాడు. ఇద్దరూ దక్కారు గానీ, తల్లి నెలల తరబడి మంచం దిగలేదు. ఈ సంగతులన్నీ పాళెం వాళ్ళు మాకు తర్వాత చెప్పారు. అవి విన్న రోజు బావ మజ్జిగ లేకుండానే అన్నం ముగించి లేచాడని మా అక్క చెప్పింది.

మరుసటి ఏడు మా అక్క కూడా వాకాడు వచ్చింది. సముద్రం చూడాలని ఎప్పట్నుంచో అడుగుతోంది. బావ ఆమెను ముందురోజు బస్సులో, టిక్కెట్టు కొని, తీసుకొచ్చాడు.

ఆ ఏడు అందరికన్నా ముందు చేరింది నా ఫియట్. ధాన్యం వ్యాపారం చేసుకునేవాడిని, ఆ కారంటే నాకు ప్రాణం, గెలిచినవాడికిచ్చే కప్పు మా ఇంటికి రావాలని చాలా ఆశగా ఉండింది. తనిఖీ కానిదే గెలిచినట్టు కాదు. అయినా నా బండిలో లోపం దొరకదని నాకు తెలుసు. చూసేది మా బావ కాబట్టి, ఆయన భయానికి ప్రతి మరనూ నా చేత్తోనే బిగించుకున్నాను. కారును తాడు లోపల పెట్టి నవ్వుకుంటూ దిగేసరికి, బంగళా వరండాలో అక్క చాపమీద ముడుచుకుని పడుంది.

ముందు రాత్రి నుంచీ కుడిపక్క కడుపునొప్పి. చెబితే సముద్రం చూపించకుండా వెనక్కి తీసుకుపోతారని ఎవరికీ చెప్పలేదు. పొద్దున సముద్రం చూసి వచ్చాక వాంతులు, జ్వరం. ఊళ్ళో ఉన్న కాంపౌండరు మునెయ్యను పిలిపించారు. ఆయన కడుపు నొక్కి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నా చేతిలో పని గాదు. లోపల పేగు వాచినట్టుండాది. ఆపరేషను చెయ్యాల. ఈ రాత్రికల్లా నెల్లూరు పెద్దాసుపత్రికి చేర్చకపోతే మనిషి దక్కదు" అన్నాడు.

బస్సు మళ్ళీ మరునాడు పొద్దునే. సంఘం జీపు, స్వర్ణముఖి ఇసుకలో కూరుకుపోయిన ఆఖరి కారును లాగడానికి పోయింది. ముత్యాలయ్యగారూ, తక్కిన డ్రైవర్లూ ఆ తమాషా చూడటానికి దాని వెంటే పోయారు, తమ కార్ల తాళాలు జేబుల్లో పెట్టుకుని. కదలగలిగిన కారంటూ ఉంటే అది నాదే. అది తాడు లోపల ఉంది.

నేను పోయి తాడు ఎత్తబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆఖరి కారు రాలేదు" అన్నాడు.

"అక్కడ అక్క చచ్చిపోతా ఉంది బావా."

"తెలుసు." నా చెయ్యి వదల్లేదు. "పోయినేడు పోలయ్య పెళ్ళానికి ఎత్తలేదు. ఇప్పుడు నా పెళ్ళానికని ఎత్తితే నేనేం మనిషిని?"

కార్లు చూడటానికి వచ్చిన పాళెం వాళ్ళు తాడుకు అవతల నిలబడి ఉన్నారు. వాళ్ళలో చిన్నపోలయ్య ఉన్నాడు, పిల్లవాణ్ణి భుజానికి ఎత్తుకుని. బావ అతన్ని చూశాడు. అతనూ బావను చూశాడు. ఇప్పుడు తాపీగా చెబుతున్నాను గానీ, ఆ నిమిషంలో నాకు బావను కొట్టాలనిపించింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ అక్కే. ఆమెకేమన్నా అయితే ఈయన మొహం మళ్ళీ చూడకూడదనుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది.

"కొంచెం ఆగు" అని ఆయన నా కారు దగ్గరికి పోయాడు. వంగి చక్రాలు చూశాడు. వెల్లకిలా పడుకుని కోటుతోనే కిందికి దూరాడు. లేచి తలుపులు తీసి వేశాడు, హారను కొట్టి విన్నాడు, బంపరు పట్టుకుని ఊపాడు. ఆయన లోపం కోసం వెతుకుతున్నాడని నాకప్పుడు అర్థమైంది. లోపం దొరికితే బండిని పందెం నుంచి తీసేయొచ్చు, తీసేస్తే అది తాడు దాటొచ్చు. వరండాలో అక్క మూలుగుతోంది.

"ఒక్క మర కూడా వదులుగా లేదేందిరా" అన్నాడు. అన్నేళ్ళలో ఆయన నన్ను కసిరింది అదే మొదటిసారి.

తర్వాత మెట్ల పక్కనుంచి ఒక రాయి తీసుకొచ్చాడు. వెంటనే కొట్టలేదు, రాయి పట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. ముందు దీపం దగ్గర ఆగి, దారిలో చీకటి పడుతుందనుకున్నాడు కాబోలు, కదిలాడు. ముందు అద్దం దగ్గరా ఆగాడు, అది పగిలితే గాజుపెంకులు అక్కమీద పడతాయి. ఏది పగిలితే బండి పందెం నుంచి పోతుందో, రోడ్డు మీద మాత్రం ఆగదో, అది కావాలాయనకు. చివరికి వెనకవైపు ఎర్రదీపం దగ్గర నిలబడి రాయెత్తాడు. మొదటి దెబ్బకు పగల్లేదు, మంచి బండి అది. రెండో దెబ్బకు పగిలింది.

బావ రాయి కింద పెట్టి, కోటు దులుపుకుని, పాళెం వాళ్ళకు కూడా వినబడేట్టు చెప్పాడు.

"వెనక దీపం పగిలి ఉంది. కళ్ళకు కనబడే లోపం. ఈ బండిని పందెం నుంచి తీసేశాను."

తాడు ఆయనే విప్పాడు.

అక్కను చాపతో సహా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టింది చిన్నపోలయ్యా, ఇంకో ఇద్దరు పాళెం వాళ్ళూ. పోలయ్య పిల్లవాణ్ణి పక్కవాళ్ళ చేతికిచ్చి వచ్చాడు. బావ తాడు మళ్ళీ బిగించి, దాన్ని బంగళా కావలివాడికి అప్పగించి, వెనక ఎక్కి అక్క తల ఒళ్ళో పెట్టుకున్నాడు. వెంకటాచలం దగ్గర చీకటి పడుతుంటే, "వెనక దీపం లేదు, ఎడమపక్కనే పో" అన్నాడు.

వేళకు చేర్చాం. ఆపరేషను చేశారు, అక్క బతికింది. కప్పు రెండోదిగా చేరిన హెరాల్డుకు పోయింది. సంగతి విని ముత్యాలయ్యగారు, పరిస్థితి అట్లాంటిది గదా, కప్పు గంగాధరానికే, అంటే నాకే, ఇద్దామన్నారు. మా బావ ఒప్పుకోలేదు. దీపం పగిలిందా లేదా అన్నదే షరతుల్లో ఉంది, ఎవరు పగలగొట్టారన్నది లేదన్నాడు. నేనూ అడగలేదు. అక్క గంజి తాగుతోంది, నాకది చాలు.

అక్కకు కూర్చునే ఓపిక వచ్చాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో బావ ఆమెకు బత్తాయి తొనలు ఒలిచి ఇస్తున్నాడు. నేను కిటికీ దగ్గరున్నాను. అక్క మామూలుగా, ఇంట్లో ఉప్పు ఉందా అని అడిగినట్టే అడిగింది.

"నా కోసం రాయి దొరికింది గదా. పోయినేడు ఆ బిడ్డతల్లి కోసం ఎందుకు దొరకలేదు?"

బావ చేతిలో ఉన్న తొనకు నార అంతా ఒలిచాడు, గింజలు తీశాడు.

"తోచలేదు" అన్నాడు.

"నా కోసం తోచింది" అంది అక్క. అని, ఆ తొన తీసుకుని తినింది.

మరుసటి ఏడు నిబంధనల్లో కొత్తది ఒకటి చేరింది. ర్యాలీ ముగిసే చోట ఒక కారు, నిండా పెట్రోలుతో, డ్రైవరుతో, తాడుకు అవతల సిద్ధంగా ఉండాలి. అది ఆ ఊరివాళ్ళ అవసరానికి. సంఘంలో కొందరు గొణిగారు గానీ బావ పట్టు వదల్లేదు. ర్యాలీకి పది దినాల ముందు, పాళెం పోదాం రమ్మని నా కారు ఎక్కాడు. దారి పొడుగునా ఆ కాగితం జేబులో ఉందో లేదో తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

పోలయ్య గుడిసె ముందు కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. పిల్లవాడు ఆ వల చుట్టూ నడుస్తున్నాడు. పోలయ్య లేచి, మాకు మంచం వాల్చి, తను నిలబడ్డాడు. బావ మంచం మీద కూర్చోలేదు. నిలబడే ఆ షరతును మొదటి నుంచి చివరిదాకా చదివాడు. గుడిసె గుమ్మంలో ఆ పిల్లవాడి తల్లి నిలబడి వింటోంది.

పోలయ్య అంతా విని తలూపాడు.

"మంచిదే సామీ. ఆ కారు ఏడాదిలో ఎన్ని దినాలు ఉంటాది?"

"ఒక దినం" అన్నాడు బావ.

"ర్యాలీ దినమా?"

"ర్యాలీ దినమే."

"సరే సామీ" అన్నాడు పోలయ్య. "ఆ దినానికే నొప్పులు తెచ్చుకోమని మా ఆడోళ్ళకు చెప్తాను."

అతను నవ్వలేదు, కోపంగానూ అనలేదు. వల దగ్గర మళ్ళీ కూర్చున్నాడు. బావ కాగితం చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడి ఉంటే, నేనే ఆయన భుజం మీద చెయ్యి వేసి కారు దాకా నడిపించాను.