నటన అని రాసిన రీలు

ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పాత ఫిల్ములు దాచే ఆ కార్యాలయంలో గేటు దగ్గర కాపలాదారు మొదలుకొని ఆఫీసరు దాకా అందరికీ ఆవిడ భూతద్దంగారే. మెడలో నల్లతాడుకు కట్టిన భూతద్దం ఇరవై ఏడేళ్లుగా వేలాడుతూనే ఉంది. ఒకసారి దాంతో బంగాళాదుంపల్ని పరీక్షిస్తుంటే కూరగాయల కొట్టతను చేతులెత్తేశాడని భర్త కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. భర్తగారు బస్సు డ్రైవరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. విశ్రాంతి అన్న మాటను ఆయనంత నమ్మకంగా పాటించేవాళ్లు అరుదు.

ఆవిడ పని వందేళ్లనాటి యుద్ధపు ఫిల్ములతో. డబ్బా తెరిచి, లోపలి రీలును వెలుగుతున్న గాజుబల్ల మీద పరచి, చిరుగులు అతికి, కనబడినదాన్ని చీటీ మీద రాయాలి. చరిత్ర రాసేవాళ్లు ఆ చీటీలు చూసే ఫిల్ములు అడుగుతారు. ఏ రీలును ముందుగా కొత్త ఫిల్ము మీదికి ఎక్కించాలో కూడా ఆ చీటీని బట్టే తేలుతుంది. ఆ కాలపు ఫిల్ము తుపాకీమందుకు దగ్గర చుట్టం. ముసలిదయ్యేకొద్దీ జిగురెక్కుతుంది, పాత మేజోళ్ల కంపు కొడుతుంది, చివరికి గోధుమరంగు పొడి అయి కూర్చుంటుంది. అంటుకుందంటే నీళ్లు పోసినా ఆరదు. అందుకే బాగా జిగురెక్కినవాటిని నీళ్లడబ్బాల్లో ముంచి, ఏడాదికి రెండుసార్లు వ్యానెక్కించి, ఊరి బయట కాల్పించేస్తారు.

ఇన్నేళ్లయినా ఆవిడకు ఆశ్చర్యం మాత్రం పాతబడలేదు. ప్రతి రీలు మొదటి బొమ్మ దగ్గరా ఊపిరి బిగబట్టాల్సిందే. "అమ్మో, ఈ గుర్రం నన్నే చూస్తోంది!" అని పైకే అనేసేది. వందేళ్ల కిందట ఏదో ఒక పొద్దున ఆ గుర్రం తోక ఆడించింది, ఆ తోక ఇంకా ఆడుతూనే ఉంది. ఇంతకన్నా వింత ఏముంటుందో చెప్పండి! కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ నేర్పే పాఠం మాత్రం ఒక్కటే. "కనబడింది రాయండి. అనుకున్నది ఇంటికెళ్లి అనుకోండి."

ఆ శనివారం ఆవిడ ఒక జాబితా మీద సంతకం పెట్టింది. సోమవారం వ్యానెక్కాల్సిన పదకొండు రీళ్లు. అందులో ఒకటి ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో చూసింది. చీటీ కూడా తన చేతిరాతే. "మొదట 'మృతవీరులు' అని రాసిన పలక. తర్వాత బురదగట్టు వెంట పడి ఉన్న సైనికులు, అరవై నలుగురు. ఒకడి చెయ్యి కదిలింది. నటన."

యుద్ధాలప్పుడు జనానికి చూపించడానికి ఉత్తుత్తి పోరాటాలు తీయడం మామూలే. అలాంటివి పట్టుకోవడం గొప్ప. "శవం చెయ్యి కదిలిందని పట్టుకున్నావే, నీవీ కళ్లంటే!" అని మురిసిపోయి అప్పటి ఆఫీసరు తన భూతద్దాన్నే ఇచ్చేశాడు. ఇప్పుడు మెడలో ఉన్నది అదే. నటన అని పేరుపడ్డ రీలు మాత్రం వరసలో చివరికి పోయింది, అక్కడే కూర్చుని జిగురెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ బట్టలు మడతపెడుతోంది. భర్తగారు పడకకుర్చీలో నోరు తెరుచుకుని, పొట్ట మీద పేపరు పెట్టుకుని గాఢనిద్రలో ఉన్నారు. ముక్కు మీద ఈగ వాలింది. కళ్లు తెరవకుండానే ఆయన చెయ్యి లేచింది, రెండుసార్లు గాలిలో ఊగింది, తెగిన తాడులా గుండెల మీద పడింది.

ఆవిడ చేతిలోని చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఆ చెయ్యి తనకు తెలుసు. ఇరవై ఏడేళ్ల కిందట గాజుబల్ల మీద చూసింది.

"లేవండి! ఏవండీ, లేవండి!"

"ఆఁ? ఏ స్టాపు?"

"ఇందాక మీరు చచ్చిపోయినట్టు నటించారా?"

"హాయిగా నిద్రపోతున్నవాణ్ణి లేపి అడగాల్సిన మాటేనా అది!"

"నిద్ర! వాళ్లు నిద్రపోతున్నారండీ. నేనే చంపేశాను," అంటూ ఆవిడ కుర్చీ పక్కనే కూలబడింది. పలక మీది మాట చదివి, అదే నిజమనుకుని, ఆ కళ్లతోనే మిగతాది చూసింది. కనబడింది రాయమని ఊరందరికీ చెప్పే మనిషి తొలి నెలలోనే అనుకున్నది రాసింది.

సోమవారం వ్యానుకంటే ముందే వెళ్లి, డబ్బాను నీళ్లలో పడకుండా ఒళ్లో పెట్టుకుంది. ఆఫీసరు వచ్చాక ఇద్దరూ కలిసి రీలును గాజుబల్ల మీదికి తెచ్చారు. పై చుట్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నా, మెల్లగా లాగితే కొన్ని విడివడ్డాయి. లోపలివి రాయిలా బిగిశాయి.

"చూడండి, పలక ఉన్న ముక్క అంచు రంధ్రాలు ఒక తీరు, సైనికులున్న ముక్కవి ఇంకో తీరు. పలక ముక్కను ఎవరో తర్వాత తెచ్చి అతికించారు. ఇటు చూడండి, ఇతను బూట్లు విప్పి, జోడు సరిచేసి పక్కన పెట్టుకున్నాడు. చచ్చిపోయినవాడు బూట్లు సర్దుకుంటాడా?"

ఆఫీసరు భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. "నిజమేనండీ. కానీ ఇది ఒప్పుకుంటే, మీరు నటన అని రాసిన చీటీలన్నీ మళ్లీ తెరవాలి. మీ పేరు ఏమవుతుందో ఆలోచించారా?"

"నూట ముప్పై రెండున్నాయి. పొద్దున్నే బీరువా తీసి చూసుకున్నా. పేరు సంగతి తర్వాత, ముందు వ్యానతనికి చెప్పండి."

పొరలు విడదీయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని, వెదురుపుల్లతో చుట్టు తర్వాత చుట్టు వేరుచేసింది. నాలుగు నిమిషాల ఫిల్ములో దక్కింది నిమిషం ఆరు సెకన్లు. మిగతాదంతా పొడి, ముద్ద.

కొత్త ఫిల్ము మీదికి ఎక్కించాక, చిన్న తెరగదిలో వేసి చూశారు. ఆవిడ భర్తను కూడా రమ్మంది, కారకుడు ఆయనే కదా! తెర మీద తెల్లవారుతోంది. బురదగట్టు వెంట మనుషులు, ఒకరి భుజం మీద ఒకరి తల. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడొకడు, టోపీని పసిపిల్లలా పొదువుకున్నవాడొకడు. ఒక ఛాతీ లేచి దిగుతోంది. ఆ ఊపిరి నూరేళ్లు దాటి వచ్చి ఈ గదిలో ఆడుతోంది. ఈగను తోలినట్టు ఆ చెయ్యి లేచి పడింది. ఆ పక్కవాడు కళ్లు తెరిచి, సూటిగా వీళ్లకేసి చూసి, వీళ్లతో తనకేం పని లేనట్టు మళ్లీ మూసుకున్నాడు.

"ఎవరు తీశారో గానీ, అడుగు చప్పుడు కాకుండా నడిచి ఉంటాడు," అంది ఆవిడ.

"ష్, మెల్లగా," అన్నాడు భర్త, కళ్లు తుడుచుకుంటూ. "లేస్తారు."

ఆవిడ తెర ముందు నిలబడి వేలితో లెక్కపెట్టింది. మళ్లీ వేయించి మళ్లీ లెక్కపెట్టింది. ఆ తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి పాత చీటీలో "నటన" అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తేదీ వేసి, కింద ఇలా రాసింది:

"నిద్రపోతున్న సైనికులు, పంతొమ్మిది మంది. ఒకడు మధ్యలో మేలుకున్నాడు. మిగిలిన నలభై ఐదుగురు ఇప్పుడు ఫిల్ములో లేరు, నా మాట వల్ల ఆలస్యమై పోయారు. వాళ్లను ఇరవై ఏడేళ్ల కిందట నేను చూశాను. వాళ్లూ నిద్రపోతున్నారు."