లూసియానా ఫ్రెంచ్ తీరంలో ఒక శుక్రవారం భోజనం

మార్చి పదమూడు, శుక్రవారం. ఉదయం ఏడున్నరకు పొగమంచులో కారు నడుపుతుంటే, రోడ్డు పక్కనే ఒక రొయ్యల పడవ మాతో సమానంగా వస్తోంది. నీళ్లు కనిపించడం లేదు. పడవ గడ్డి మీద తేలుతున్నట్టుంది. "స్లో చెయ్యవే, చూడనివ్వు," అంది అమ్మ.

నిజానికి మేం వెళ్లాలనుకున్నది ఫ్రాన్స్‌లోని నార్మండీకి. కాలేజీలో రెండు సెమిస్టర్లు ఫ్రెంచ్ చదివాక నాకు ఆ తీరం మీద మనసు పడింది. కానీ అమ్మ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, దేశం దాటే వీల్లేదు. వెతికితే, తరతరాలుగా ఫ్రెంచ్ మాట్లాడే తీరం ఇక్కడే ఉందని తెలిసింది. మేముండే మోరిస్‌విల్ పక్కనున్న ఎయిర్‌పోర్టు నుంచి న్యూ ఆర్లీన్స్‌కి ఫ్లైట్, అక్కడి నుంచి అద్దె కారులో గంటన్నర. గైడ్ మా ఇద్దరికే. ఐదు గంటల టూరుకు, ఇంటి భోజనంతో కలిపి మూడు వందల డాలర్లు. నేను బుక్ చేసింది మాత్రం చివర్లో ఉన్న పడవ ప్రయాణం కోసమే. సముద్రం మింగేసిన ఒక ఊరు ఉందట, ఇప్పుడు ఎండిన ఓక్ చెట్లూ కొన్ని సమాధులూ మాత్రం నీళ్లలో నిలబడి ఉంటాయట.

గైడ్ క్లోడ్ అరవై దాటిన మనిషి. ఎనిమిదింటికి మమ్మల్ని బయ్యూ గట్టు వెంట నడిపించాడు. బయ్యూ అంటే సముద్రం వైపు నిద్రమత్తులో పాకే సన్నని పాయ. ఇక్కడివాళ్లు తూర్పు, పడమర అనరు, పాయకు ఎగువన, దిగువన అంటారు. ఆ రెండు మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "గాలి తిరిగేలోపు, పదకొండున్నరకల్లా పడవెక్కాలి," అన్నాడు క్లోడ్. అందుకే పదిన్నరకే వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం.

ఎనభై దాటిన వాళ్లమ్మ ఒడెల్, అన్నం మీద గంబో పోసింది. బెండకాయల చిక్కటి పులుసు. అమ్మ గరిటె తిప్పి ఆగిపోయింది.

"రొయ్యలేంటే ఇందులో? నాన్‌వెజ్ వద్దని రాయలేదా?"

"బుకింగ్‌లో మాంసం వద్దని రాశానమ్మా!"

క్లోడ్‌కి విషయం చెప్తే తెల్లబోయాడు. "ఈస్టర్ ముందు శుక్రవారాల్లో మేమూ మాంసం ముట్టం. అందుకే రొయ్యలు వేశాం, మాకవి మాంసం కిందికి రావు!"

ఒడెల్ మొహం చిన్నబోయింది. ఆవిడకు ఫ్రెంచే హాయి. వ్యాకరణం సగం మింగేస్తూ చెప్పాను, మా అమ్మ శుక్రవారం రొయ్యలు, చేపలు కూడా తినదని. ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఏం తింటారో సరిగ్గా అడగాలని తోచలేదా నీకు?"

"రొయ్యలు వలిచింది నువ్వేగా, నీకు తోచిందా?" అన్నాడు క్లోడ్.

ఒడెల్ పకపకా నవ్వి, ఫ్రిజ్‌లోంచి బెండకాయలు తీసి అమ్మ ముందు పెట్టింది. అప్పటికే పదకొండు దాటింది.

"ఇప్పుడు బయల్దేరితేనే పడవ," అన్నాడు క్లోడ్.

"నువ్వెళ్లవే, నేనిక్కడుంటా," అంది అమ్మ, చాకు అందుకుంటూ.

గుమ్మం దాకా వెళ్లాను. వెనక ఒడెల్ ఫ్రెంచ్‌లో ఏదో అడుగుతోంది, అమ్మ తల ఊపుతోంది, ఇద్దరికీ ఏమీ అర్థం కావడం లేదు. చెప్పులు విప్పేసి తిరిగొచ్చాను. అమ్మ తన బ్యాగులోని కారప్పొడి తీసి వేపుడు చేసింది. ఒడెల్ తుమ్ముతూనే రెండుసార్లు వడ్డించుకుంది. కిటికీ బయట గాలి తిరిగి, చెట్లకు వేలాడే బూడిదరంగు నాచు అంతా ఒకేవైపు ఊగింది. ఇంక పడవ లేదు. మీరెందుకు వెళ్లలేదని ఒడెల్ అడిగింది. ఆ మునిగిన ఊరు చూడాలనే వచ్చామని చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"నేను పుట్టింది అక్కడే," అంది.

మీరు బుక్ చేసేటప్పుడు మాంసం వద్దని రాసి ఊరుకోకండి. చేపలు, రొయ్యలు కూడా వద్దని విడిగా రాయండి. నేను ఆ ఒక్క లైను రాసి ఉంటే పదకొండున్నరకు పడవలో ఉండేదాన్ని, నీళ్లలో సమాధులు లెక్కపెట్టుకుని తిరిగొచ్చేదాన్ని. అవి ఎవరివో చెప్పేవాళ్లు ఉన్నారని తెలిసేదే కాదు. మా ఫ్లైట్ రేపు సాయంత్రం. పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే, క్లోడ్ పడవ తీస్తానన్నాడు. ఏ చెట్టు పక్కన ఎవరి ఇల్లుండేదో చూపించడానికి ఒడెల్ కూడా వస్తోంది. ఆవిడ అక్కడికి వెళ్లి ఇరవై ఏళ్లయిందట.