అమ్మ కోసం కట్టిన ముసలమ్మ కొండ

చిన్నప్పుడు మా రాయగడ ఇంటికి చుట్టాలు దిగారంటే మా నాన్న ముఖం వెలిగిపోయేది... అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నాన్న మున్సిపాలిటీలో కుళాయిల పని చేసేవారు. పార్వతీపురం నుంచో బొబ్బిలి నుంచో ఎవరొచ్చినా, మీరు అడవిలో ఉన్నారని ఎక్కడ అనేస్తారోనని ఆయనకి బెంగ. అందుకే పట్టుబట్టి ఊరు చూపించేవారు. పెద్ద ఖర్చేమీ ఉండేది కాదు... మొదటిరోజు సాయంత్రం మజ్జిగౌరమ్మ గుడి. రెండోరోజు నడుచుకుంటూ హాతీపథర్, ఏనుగుల్లాంటి బండల మధ్య నాగావళి. మూడోరోజు అసలైనది... కోరాపుట్ వైపు ప్యాసింజరు ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కకిరిగుమ్మ దాకా వెళ్ళి, ఎదురు బండిలో తిరిగి రావడం.

బండి సొరంగంలోకి వెళ్ళగానే పిల్లలమంతా గొంతు చించుకుని అరిచేవాళ్ళం. పెద్దవాళ్ళు మొదటిసారి కసిరేవారు. రెండో సొరంగానికి వాళ్ళూ మాతో కలిసిపోయేవారు.

అమ్మ మాత్రం వచ్చేది కాదు. పొద్దున్నే పులిహోర కలిపి స్టీలు క్యారేజీలో సర్ది ఇచ్చేది. మేము తిరిగొచ్చేసరికి వేడినీళ్ళు, వేడన్నం సిద్ధం. అమ్మ ఎందుకు రాదని మాలో ఎవరికీ అనుమానమే రాలేదు. అమ్మంటే ఇంట్లో ఉండేది, అంతే.

అందరూ తిన్నాక, అంట్లగిన్నెల దగ్గర నన్ను కూర్చోబెట్టుకుని అడిగేది... "ఏటేటి సూసేరే అమ్మీ?"

నేను చెప్పిందే చెప్పేదాన్ని. అమ్మకి సరిపోయేది కాదు. ఇంకేటి, ఇంకేటి అనేది. ఒకసారి నా దగ్గర సరుకు అయిపోయింది. మూడో సొరంగానికీ నాలుగో సొరంగానికీ మధ్య, ఎడంచేతి వైపు ఒక కొండ ఉందనీ, అచ్చం గంప దించుకుని కూర్చున్న ముసలమ్మలా ఉంటుందనీ, రెప్ప వేస్తే తప్పిపోతుందనీ ఓ కోత కోశాను. తోముతున్న గిన్నె అమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. ముసలమ్మకి ముక్కు కూడా కనిపిస్తుందా అని అడిగింది. కనిపిస్తుందన్నాను... నాకేం పోయింది!

అక్కడితో ఆగితే బాగుండేది. అప్పట్నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ అమ్మే ఆరిందాలా చెప్పేది, ఎడమ కిటికీ దగ్గర కూర్చోండి, ముసలమ్మని చూడ్డం మరిచిపోకండి అని. వాళ్ళు మర్యాదస్తులు. తిరిగొచ్చి, చూశాం, భలే ఉంది అనేవారు. మా మావయ్యైతే ముసలమ్మ చేతిలో కర్ర కూడా ఉందన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు బొబ్బిలి నుంచి మా అత్త వచ్చింది... నాన్న చెల్లెలు. మూడోరోజు అందరం చెప్పులేసుకున్నాక గుమ్మంలో నిలబడిపోయింది. వదిన రాకపోతే తనూ రానంది. అమ్మ కుళాయి నీళ్ళనీ, పాలవాడనీ, వంటనీ ఏవేవో చెప్పింది. అత్త కదల్లేదు.

నాన్న నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీకూ సూడాలనుందేటి? ఎప్పుడూ సెప్పనేదేటి?"

అమ్మ లోపలికెళ్ళి, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, కలరా ఉండల వాసనతో ఐదు నిమిషాల్లో వచ్చేసింది. ముసలమ్మ కొండ గుర్తొచ్చి నేను అత్త వెనక్కి జరిగాను.

బండెక్కగానే అమ్మ ఎడమ వైపు కిటికీ పట్టుకుంది. మొదటి సొరంగంలో మేము అరిస్తే చెవులు మూసుకుని నవ్వింది. రెండోదానికి తనూ సన్నగా అరిచింది. అమ్మ అలా అరవగలదని నాకప్పటిదాకా తెలీదు. మూడోది దాటగానే మాటలు ఆపేసి కిటికీ ఊచలకి ముఖం ఆనించింది. నేను నా కాళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒక కొండని ముసలమ్మలా చెయ్యి తల్లీ అని మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నాను కూడా...

నాలుగో సొరంగం వచ్చేసింది. ఆ చీకట్లో అత్త అడుగుతోంది, కనిపించిందా వదినా అని.

"ఆఁ... సూసేను" అంది అమ్మ.

కకిరిగుమ్మలో దిగాక అందరూ అనాసపళ్ళు బేరమాడ్డానికి స్టేషను బయటికి వెళ్ళారు. క్యారేజీకి కాపలాగా అమ్మా నేనూ మిగిలాం. ఇక ఆగలేక ఏడుపందుకున్నాను. అక్కడ ఏ ముసలమ్మా లేదనీ, అంతా నేనే కల్పించాననీ చెప్పేశాను. వీపు విమానం మోతే అనుకున్నాను.

అమ్మ కొంగుతో నా ముక్కు తుడిచింది. "నాకు తెలుసే. మీ పిన్ని మనింటికొచ్చి బండెక్కిన రోజే సెప్పేసింది, అక్కడేటీ నేదక్కా అని."

మరి తెలిసీ అందరికీ ఎందుకు చెప్పేదానివని అడిగాను.

"మిగతావన్నీ మీరు సూడ్డానికెల్లి సూసినవి. అదొక్కటే నువ్వు నాకోసం తెచ్చేవు."

అప్పుడు నాకు సంతోషమే వేసింది... దెబ్బలు తప్పాయి కదా. ఆ మాట నాకు తగలడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా ఇంటి నుంచి స్టేషను పది నిమిషాల నడక. రోజూ బండి ఉంది. వచ్చిన చుట్టాలందరినీ ఎక్కించాం... అమ్మకి కూడా కళ్ళున్నాయని మాకు తోచలేదు. అబద్ధం చెప్పినందుకు నాకిప్పుడు సిగ్గు లేదు. సిగ్గల్లా దీనికే.

ఇప్పుడు కోరాపుట్ కొండలకి జనం కార్లేసుకుని వస్తున్నారు. భోజనం హోటల్లో, అమ్మలు ముందు సీట్లో ఫొటోలు తీసుకుంటూ... ఆ మార్పు చూస్తే నాకు ఎంత ఇష్టమో. కాకపోతే అన్నీ ఫోనులో ముందే చూసేస్తున్నాం కదా, చూసొచ్చింది ఇంకొకరికి కూర్చుని చెప్పే ఓపికే ఎవరికీ లేదు.

మీ ఇళ్ళల్లోనూ చుట్టాలకి ఊరు చూపించే ఉంటారు. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎవరు ఉండిపోయేవారో... గుర్తు చేసుకుని రాయండి.