ఎడమ బూటు విప్పి నడిపిన కారు

మా ఆర్మీ దళం కోడూరు చేరేసరికి ఉదయం ఆరున్నర. తుపాను వెళ్ళిపోయింది, వాన మిగిలింది. పొలాలూ రొయ్యల చెరువులూ కలిసి ఒకటే నీరు. నేను డ్రైవరుని. గుడివాడవాణ్ని కాబట్టి ఊరివాళ్ళతో మాట్లాడే పని కూడా నా నెత్తినే పడింది.

వైర్‌లెస్‌లో మొదటి ఆర్డరు వచ్చింది. "కాలవ అవతల ఊళ్ళో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. మోపిదేవి రోడ్డుకి చేర్చండి. అంబులెన్సు అక్కడుంటుంది."

మా లారీ ఆ కాలవ గట్టు మీద పట్టదు. హవల్దారూ నేనూ నడిచి వెళ్ళాం. ఆ ఇంట్లో తల్లి రత్నమ్మ గారు, కూతురు ఎస్తేరు ఉన్నారు. అల్లుడు బందరులో చిక్కుకుపోయాడు. అతని చిన్న కారు మాత్రం మెరక మీద పొడిగా ఉంది.

ఎక్కి కూర్చుంటే కాళ్ళు అందలేదు. అల్లుడు పొడుగరి. ఉప్పుగాలికి పట్టాలు తుప్పు పట్టి సీటు ముందుకి జరగనంది. వీపు వెనక దిండు పెట్టుకుంటే కుడికాలు కుదిరింది. ఎడమకాలికే ఆనిక లేదు, జారి జారి క్లచ్ మీద వాలుతోంది. వాకిట్లో నాలుగు గజాలు నడిపేసరికి కాలిన వాసన. గట్టు మధ్యలో క్లచ్ పోతే ఆ అమ్మాయిని నీళ్ళలో మోసుకెళ్ళాలి.

గోనెసంచిలో ఇటుక చుట్టి ఆ కాలి కింద పెట్టాను. అది క్లచ్ కిందికి జారింది.

"ఇలాగే వెళ్తే ముందు నిన్ను చేర్పించాలి ఆసుపత్రిలో" అన్నాడు హవల్దారు.

గోడకి ఆనించిన భోజనాల పీట కనబడింది. అడగడానికి నోరు రాలేదు. కూర్చుని అన్నం తినే పీట మీద కాలు పెడతామా? నా చూపు కనిపెట్టి రత్నమ్మ గారే తెచ్చి ఇచ్చారు.

"మా అత్తగారిది బాబూ. మేకులు కొట్టకు. బూటుతో తొక్కకు."

"అలాగేనండీ."

పీటని ఎడమ పక్కకి వాలుగా ఆనించి, కింద కొబ్బరి డొక్కలు కుక్కాను. జారకుండా అడుగున పాత ట్యూబు ముక్క పరిచి, కొబ్బరి తాడుతో సీటు కాలికి బిగించాను. క్లచ్ అడుగంటా తొక్కి చూశాను. పీట ఎక్కడా తగల్లేదు. బూటు విప్పి పాదం పెట్టాను. ప్రాణం లేచొచ్చింది.

హవల్దారు వెదురుకర్రతో లోతు చూస్తూ ముందు నడిచాడు. వెనక సీట్లో ఎస్తేరు మూలుగు, రత్నమ్మ గారి ప్రార్థన. తూము దగ్గర నీళ్ళు గట్టు మీంచి పారుతున్నాయి.

"ఆపకు! ఆపావంటే అంతే!" హవల్దారు కేక.

తలుపు సందుల్లోంచి నీళ్ళొచ్చి నా కాలివేళ్ళని తాకాయి. భయం వేసింది. భయపడ్డ కాలు క్లచ్‌నే వెతుక్కుంటుంది. కాలివేళ్ళతో పీటని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కారు దాటేసింది. మోపిదేవి రోడ్డు మీద తల్లీకూతుళ్ళని అంబులెన్సు ఎక్కించి, నీళ్ళు తీశాక కారునీ పీటనీ ఇంటికి చేర్చాం.

మర్నాడు వైర్‌లెస్ ఆపరేటరు అరిచాడు. "బందరు నుంచి కబురు! ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం!"

"నీ ఎడమకాలికి మెడల్ ఇప్పించాలి" అన్నాడు హవల్దారు. అంత సంతోషం నాకు సర్వీసులో మళ్ళీ దొరకలేదు.

తిరిగి వెళ్ళేరోజు సెలవు తీసుకుందామని, బందరు నుంచి వచ్చేసిన రత్నమ్మ గారింటికి వెళ్ళాను. ఇల్లంతా కడిగి ఉంది. పీట మీద మాత్రం ఎండిన నల్లబురదలో నా పాదం, ఐదు వేళ్ళతో సహా.

"దాన్ని కడగబుద్ధి కాలేదు బాబూ" అన్నారు రత్నమ్మ గారు. ఆ పీటే వాల్చి, కంచంలో వేడన్నం వడ్డించారు. నేను తటపటాయించాను.

"కాలు పెట్టినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు? కూర్చో."

ఇప్పుడు నా కారులో కాలికి ఆనిక కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చారు. అయినా ఎడమ చెప్పు విప్పే నడుపుతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. నా కాలిగుర్తు మీదే కూర్చుని అన్నం తిన్నవాణ్ని నేను.